అభ్యంతరాలు రాయవలసిన గడి

దీపస్తంభానికి పసుపు కాగితం కట్టి వెళ్లారు.
ప్లాస్టిక్ తొడుగులోకి వాన దూరి
అక్షరాలన్నీ అలుక్కుపోయాయి,
ఎనభై నాలుగు అన్న అంకె తప్ప.
ఎనభై నాలుగు ఇళ్లు, మా పెరటి కంచె అవతల,
టాల్బట్ వాళ్ల బార్లీ చేలో.

ఆఖరి తేదీ ఇరవై ఎనిమిది.
ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ ఊరికి ఉత్తరాలు పంచినదాన్ని,
కౌన్సిల్‌కి ఒక్క ఉత్తరం రాయలేక
మూడు రాత్రులుగా టీ చల్లారబెడుతున్నాను.

మొదట రోడ్డు గురించి రాశాను.
మిల్ లేన్‌లో రెండు కార్లు ఎదురుపడితే
ఒకటి చర్చి గేటు దాకా వెనక్కి పోవాల్సిందే,
ఏది పోవాలో తేలేసరికి
బేకరీ మూసేస్తారు.
తర్వాత డాక్టరు గురించి.
పొద్దున్నే ఎనిమిదింటికి ఫోన్ చేస్తే
మీరు పంతొమ్మిదోవారు అంటుంది ఒక గొంతు.
తర్వాత తీతువుల గురించి.
మార్చి నెలలో చాళ్ల మధ్య
ఉత్త నేల మీదే గుడ్లు పెట్టే వెర్రి పిట్టలు.
పైకప్పు లేనిదాన్ని ఇల్లని
ఏ ఫారంలో రాస్తారు?

పక్కింటి క్లైవ్ బోర్డొకటి తెచ్చిచ్చాడు,
'మన పొలాన్ని కాపాడుకుందాం', ఎర్రటి అక్షరాలు.
అది మనదెప్పుడయిందో నాకు తెలీదు.
ఆ గట్టు మీదే టాల్బట్ కుక్క
రెండుసార్లు నా పిక్క పట్టింది.
మేకులు లేవని చెప్పి
బోర్డు మెట్ల కింద పెట్టాను.

గురువారం కెజియా వచ్చింది,
నా కాలి పుండుకి కట్టు మార్చే పిల్ల.
రెండు బస్సులు మారి వస్తుంది.
టౌన్లో కబాబ్ కొట్టు మీద ఒక్క గది,
ఇద్దరు పిల్లలు,
వాళ్ల స్కూలు బట్టలకి ఎప్పుడూ వేపుడు వాసనట.
"అందులో కొన్ని తక్కువ అద్దెకి ఇస్తారట కదా, ఎనిడ్?"
కొనబోని వస్తువు ధర అడిగినట్టు అడిగింది,
నా మొహం చూడకుండా.
ఏం చెప్పాలో తోచక కాలు కదిపాను.
కట్టు బిగువైందా అంది.
కాదన్నాను.

ఈ నా ఇల్లు కూడా ఒకప్పుడు ఆపిల్ తోట.
మిస్ పార్జిటర్ చచ్చేదాకా
మా వరసని 'ఆ కొత్త ఇళ్లు' అనే అంది.
ఆవిడకి ఉత్తరాలిచ్చేది నేనే,
తలుపు సందులోంచి రెండు వేళ్లు వచ్చి
కవరు లాక్కునేవి.

రాత్రి ప్లాను కాగితం బల్ల మీద పరిచాను,
నాలుగు మూలలా నాలుగు జామ్ సీసాలు పెట్టి.
పైన ఏటవాలులో
పెద్ద ఇళ్లు, గరాజులు, ఆకుపచ్చ చుక్కలు చెట్లట.
తక్కువ ధర ఇళ్లు గోధుమ రంగులో,
అరవై ఒకటి నుంచి డెబ్భై రెండు దాకా,
కింది మూలన.

కింది మూల.
అక్కడికి నీళ్లు నది నుంచి రావు.
నేల కిందనుంచి, చప్పుడు లేకుండా,
పాలు పొంగే ముందు గిన్నె అంచు దాకా వచ్చినట్టు వస్తాయి.
మ్యాపులు గీసినవాళ్లు ఆగస్టులో వచ్చి ఉంటారు.
నేను జనవరుల్లో నడిచాను,
భుజాన సంచితో, అడ్డదారిన.

రోడ్డు కొట్టేశాను.
డాక్టర్ని ఉంచాను, అది నిజమే కనుక.
తీతువుల మీద గీత గీయబోయి
పెన్ను ఎత్తేశాను.

ఫారంలో రెండే గళ్లు,
సమర్థిస్తున్నాను, అభ్యంతరం ఉంది.
రెండోదానిలో టిక్కు పెట్టి కింద రాశాను:

అయ్యా, ఇళ్లు కట్టండి.
ఆ పన్నెండూ పైకి జరపండి.
గరాజులు కింద తడుస్తాయి, తడవనివ్వండి.
రుజువు కావాలంటే
అరవై ఒకటో నంబరు గడప వచ్చే చోట తవ్వించండి.
ఒక చలికాలం బురద లాక్కున్న నా బూటు
అక్కడే ఉంది.
ఎడమ కాలిది. సైజు ఐదు.
తపాలా శాఖ వాళ్లది,
దాని డబ్బు నా జీతంలో కోసుకున్నారు.