రెండో రకం

అంబత్తూరు ఎస్టేట్‌లో, రెండో అంతస్తు, కిటికీ వైపు బల్ల నాది.
దిండు గలీబులు నా ముందుకొస్తాయి, గంటకు అరవై.
దారం వేలాడితే కత్తిరిస్తాను,
కుట్టు తప్పితే ఎర్ర స్టిక్కరు అంటిస్తాను.
పదకొండేళ్ళయింది.
చూపుడువేలి కొనకి స్పర్శ తగ్గింది.

ఈ నెల ఆర్డరు ఆస్ట్రేలియాది.
మట్టి ఎరుపు మీద తెల్లటి గీతలు
మెడ దగ్గర మొదలైనట్టు మొదలై
వంగి, రెండు పాయలుగా కిందికి దిగుతాయి.
పక్కనే చుక్కలు, తడి వేలితో ఒత్తినట్టు.

"మన కోలమే కదా తాయారూ" అన్నాడు సూపర్‌వైజరు దురైవేలు.
తల ఊపాను. ఓటీ రాసేది ఆయనే.
కాదు.
కోలమైనా ముగ్గైనా వాకిట్లో వేస్తాం,
మధ్యాహ్నానికి సైకిళ్ళు తొక్కేస్తాయి.
ఇది ఒంటి మీదిది.

అట్ట మీద ఇంగ్లీషు చదివి చెప్పింది ప్యాకింగ్ పిల్ల నిలోఫర్:
ఎక్కడో ఎడారి ఊళ్ళో
ఆడవాళ్ళు, ఆడవాళ్ళు మాత్రమే చేరి
భుజాలకీ రొమ్ములకీ ఇలా రాసుకుని
పాడుతూ అడుగులేస్తారట.
గీసినామె వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకుందట.
ఏం పాడతారో రాయలేదు.
"చెప్పడానికి అనుమతి ఉన్నంతే చెప్పాం" అని ఆఖరి వాక్యం.

మళ్ళీ చదవమన్నాను, ఆ ఒక్కటే.

కొరుక్కుపేటలో, రైలు పట్టాల పక్క ఇంట్లో
నేను పెద్దమనిషినైన రోజు
మా మేనత్త మగవాళ్ళందర్నీ వీధిలోకి తోలి గొళ్ళెం పెట్టింది.
నువ్వుల నూనె, పసుపు, అరచేతుల చప్పుడు.
గూడ్సుబండి పోయేదాకా ఆగి
నా చెవిలో ఒక మాట చెప్పింది.
ఇన్నేళ్ళలో మా ఆయనకి చెప్పలేదు.
మీకూ చెప్పను.

బయ్యరు మేడమ్ వచ్చినప్పుడు మేనేజరు అడిగాడు:
"డోర్‌మ్యాట్లు కూడా వేద్దామా? రేటు తగ్గిస్తాం."
ఆవిడ వద్దంది.
కాళ్ళ కిందకి గీసినామె ఒప్పుకోలేదట.
మేనేజరు నవ్వాడు.
నేను కత్తెర కాసేపు కింద పెట్టాను.

శనివారం సెకండ్స్ మాకే అమ్ముతారు, ముక్క యాభై.
చుక్కల వరస ఒకచోట గీత దాటింది,
నేనే స్టిక్కరు వేశాను, నేనే కొన్నాను.
బేసిన్ బ్రిడ్జిలో రైలు మారేటప్పుడు
సంచిలో అన్నం గిన్నె తగలకుండా పట్టుకున్నాను.
ఇంటికి తెచ్చాక ఎక్కడ పెట్టాలో తెలియలేదు.
నేల మీద కాదు. మా ఆయన వీపు కింద కాదు.
దేవుడి గూట్లో పెట్టడానికి నాకు దాని పేరైనా తెలీదు.

మూడు రోజులు బియ్యం డబ్బా మీద మడతపెట్టి ఉంది.

నాలుగో రాత్రి కరెంటు పోయింది.
గాలికని మా ఆయన వీధిలోకి వెళ్ళాడు.
నా కూతురు, పన్నెండు నిండినది,
దోమలకి ఏదో ఒక గుడ్డని చీకట్లో తడిమి
దాన్నే భుజాల మీద కప్పుకుంది.
కుట్టు గీతల మీద వేలు నడిపిస్తూ
"అమ్మా, ఇవేంటి?" అంది.

అనుమతి ఉన్నంతే చెప్పాను.
తర్వాత లేచి
తలుపు గొళ్ళెం పెట్టి వచ్చాను.