పన్నెండో చప్పుడు

హెబ్బాళ ఫ్లైఓవర్ మీద
బస్సు నలభై నిమిషాలుగా కదలడం లేదు.
అద్దానికి తల ఆనించి
నేను వేగం గురించి ఆలోచిస్తున్నాను.

ఈ ఊళ్ళో ఇమిడిపోతుంది దాని ఒళ్ళు.
ఇక్కడ తల పెడితే బొమ్మనహళ్ళిలో కాళ్ళు.
బరువు మాత్రం సూర్యుడికి ఒకటిన్నర రెట్లు.
సెకనుకి ఎనిమిది వందల కిలోమీటర్లు!
కండక్టరు నా చిల్లర వెతికేలోపు
ఢిల్లీ దాటిపోతుంది.

అంత వేగమూ మా తెర మీద ఎంతని?
పదకొండేళ్ళ నాటి పటం కింద పెట్టి
నిన్నటి పటం పైన పరిచాను.
మల్లేశ్వరం పద్దెనిమిదో క్రాసులో నిలబడి చూస్తే
మేఖ్రీ సర్కిల్ దగ్గర
ఒక మిరియం గింజ పక్కకి దొర్లినంత.
అంతే.
ఆ దొర్లడం చూడ్డానికి
నా కళ్ళజోడు రెండుసార్లు మారింది.

నక్షత్రం సమంగా పేలదు.
ఒక పక్క కాస్త ఎక్కువ, ఒక పక్క కాస్త తక్కువ.
ఆ కాస్తే
కడుపులోని గట్టి గింజను ఒక్క తన్ను తన్ని
చీకట్లోకి విసిరేసింది.
పైపెంకు దారిలోని ధూళినంతా ఊడ్చుకుంటూ
బరువెక్కి, ఆయాసపడి, నెమ్మదించింది.
గింజకి ఊడ్చే పని లేదు.
ఇరవై అయిదు వేల ఏళ్ళకి
ఇప్పుడు అంచు దాకా వచ్చి
మీగడలోంచి వేలు పొడిచినట్టు
బయటికి వస్తోంది.

వచ్చిన దారి తెలుసు కదా అని
స్కేలు పెట్టి వెనక్కి గీత గీశాను.
గీత పెంకు నడిమధ్యకి పోవాలి.
పోలేదు.
మూడు రాత్రులు గీశాను.
మూడుసార్లూ మధ్యకి దక్షిణంగా, తెలిసినవాళ్ళని చూసి
తల తిప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళలా
వెళ్ళిపోయింది.
ఈ గింజ ఈ పెంకుది కాదేమో అని రాసుకుని
కొట్టేసి
మళ్ళీ రాశాను.

ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన చౌడప్ప
నిచ్చెన మీంచే చూశాడు.
కోలారు బంగారు గనుల మనిషి. వాళ్ళ నాయన
భూమి కింద రాతికి తూట్లు వేసి
మందు దట్టించేవాడట.
"పొగని చూసి దెబ్బ ఏడ పడిందో చెప్పకూడదు మేడమ్.
గాలి ఎటు సలీసుగుంటే పొగ అటు పోతాది.
రాయినడగాల."

స్క్రూడ్రైవరు అందించడం మర్చిపోయి
అలాగే నిలబడ్డాను.
ఉత్తరాన వాయువు పల్చన.
అడ్డులేని వైపు పెంకు దూరం ఉరికింది.
మధ్య అనుకున్నది మధ్య కాదు,
నేను ఆలస్యంగా వచ్చి కొలుచుకున్నది.

చీకటి పడ్డాక
అతని చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాను.
పెద్ద డిష్ పట్టిన రేడియో అలల్ని
చప్పుడుగా మార్చి వింటాం మేము, సరదాకి.
టక్. టక్. టక్.
సెకనుకి రెండు.
చౌడప్ప పెదాలు కదులుతున్నాయి.
లెక్కపెడుతున్నాడు.

పన్నెండు తూట్లకి నిప్పంటిస్తే
పన్నెండు చప్పుళ్ళు వినాలట.
పదకొండే వినబడితే
ఒకటి ఇంకా రాతిలో మేలుకునే ఉందని.
ఎవరూ లోపలికి పోరు.
టీ చల్లారుతుంది, షిఫ్టు మారుతుంది,
మేస్త్రీ తిడతాడు, అయినా పోరు.
పైన లైన్ల ఇళ్ళలో వాళ్ళమ్మ
గిన్నెలు గలగలమన్నప్పుడల్లా
ఒక్కో వేలు మడిచేదట, కూర తరుగుతూనే.
ఒక వేలు మిగిలిపోయిన సాయంత్రాల గురించి
అతను చెప్పలేదు.
నేనూ అడగలేదు.

నాలుగు వందల దాకా విని
హెడ్‌ఫోన్స్ తీశాడు.
తీగని జాగ్రత్తగా చుట్టి బల్ల మీద పెట్టాడు.
పనిముట్ల సంచి భుజాన వేసుకుని
తలుపు దగ్గర ఆగాడు.

"లెక్క ఇంగా ముగీలేదు మేడమ్.
ఎవురినీ లోపలికి పంపొద్దు."