మైనస్ ఒకటి

క్లాక్స్విక్ రేవులో మా గోదాము.
బయట మంచూ కాదు, వానా కాదు,
రెండింటి మధ్యా తేల్చుకోలేనిదేదో
అద్దాన్ని గోకుతోంది.

హానుస్ పని మానేసి వెళ్తూ
ఏడు నోటు పుస్తకాలు అప్పగించాడు,
చేపనూనె మరకలతో సహా.
వాటిని ఎప్పుడో సర్వర్‌కి ఎక్కించేశారు.
ఇక సరుకు చూడాలంటే లోపలికి వెళ్ళక్కర్లేదట.
ఒక చిన్న ప్రోగ్రామ్ దింపుకుంటే
అది ఏపీఐని అడిగి చెబుతుందట.
నల్ల తెర, తెల్ల గీత, అంతే.

దింపుకున్నాను.
మొదటిసారి: అనుమతి లేదు.
రెండోసారి: మీ పైథాన్ పాతది.
మూడోసారి పైథాన్ కొత్తదే,
అలాంటి ఆదేశం ఏదీ లేదంది.
ఉంది, ఇప్పుడే పెట్టాను, అన్నాను తెరతో, పైకే.
దారి చెప్పాలట దానికి.
చుక్కతో మొదలై దాక్కునే ఒక ఫైల్లో
ఆ ఫోల్డర్ పేరు రాసి,
టెర్మినల్ మూసి మళ్ళీ తెరిస్తే
అప్పుడు పలికింది:
రెండు చుక్క నాలుగు చుక్క సున్నా.
ఒక పూటంతా పోయింది ఈ ముక్క కోసం.

తర్వాత టోకెన్. నలభై అక్షరాలు.
టోర్స్‌హావ్న్ నుంచి సున్వొర్ ఫోన్లో చదివింది.
అది ఎల్లా, ఒకటా? అంటే
నాకూ ఒకేలా కనిపిస్తున్నాయి, అంది.
రెండూ కొట్టి చూశాం.

అడగందే అమ్మైనా పెట్టదు. ఇదీ అంతే.
బొమ్మల్లేవు, మీటల్లేవు,
అడిగినదానికి అడిగినంతే.
తాళ్ళు అన్నాను:
పన్నెండు మిల్లీమీటర్లవి, నలభై చుట్లు.
గాలాలు అన్నాను:
ముప్పై ఒక్క వేలు.
అవి గుచ్చుకున్న వేళ్ళ లెక్క దాని దగ్గర లేదు,
నా దగ్గరుంది.
పడవల పంపులు అన్నాను:
మైనస్ ఒకటి.

మళ్ళీ అడిగాను.
మైనస్ ఒకటి.

లేచి వెళ్ళాను, వెళ్ళక్కర్లేని గోదాములోకి.
పదిహేడో అర చేత్తో తడిమాను.
దుమ్ముంది, ఖాళీ ఉంది.
ఖాళీకన్నా తక్కువైనదేదీ
చేతికి తగల్లేదు.

సరిచెయ్యడానికీ ఒక ఆదేశం ఉంది.
ముందు ఉత్తుత్తిగా చేసి చూపించమన్నాను.
అలాంటి వీలు కూడా ఇచ్చారు,
నా పెళ్ళప్పుడు ఉంటే బాగుండేది.
ఒక వరుస మారుతుంది, అంది.
మైనస్ ఒకటి సున్నా అవుతుంది.
మార్చనా? అవును, కాదు.
తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ కూచుంది.

హానుస్‌కి ఫోన్ చేశాను.
గాలికి ఆరిన గొర్రె తొడ కోస్తున్నాడు కాబోలు,
మాటకీ మాటకీ మధ్య కత్తి చప్పుడు.
"ఆ చలికాలం షెట్లాండ్ పడవొకటి
సగం నీళ్ళతో వచ్చింది.
మన పంపులు ఇంకా డెన్మార్క్‌లోనే ఉన్నాయి.
నా పడవది ఊడదీసి ఇచ్చాను.
ఇచ్చినట్టు రాశాను.
వచ్చినట్టు ఎలా రాస్తాను, రాలేదుగా?"
మరి ఆ డెన్మార్క్‌వి?
"ఆ కంపెనీయే మునిగింది."
మీ పడవ?
"గట్టు మీదుంది. పెయింట్ డబ్బాతో నీళ్ళు తోడలేక."
ఎన్నాళ్ళనుంచి?
కత్తి ఆగింది, లెక్కపెట్టుకుంటున్నట్టు.
"పదకొండేళ్ళు."
ఒక్కరికైనా చెప్పొచ్చుగా!
"రాసిపెట్టానుగా," అన్నాడు.

కాదు అని నొక్కాను.

మూడు వారాలకి పెట్టె వచ్చింది.
పంపులు, వచ్చినవి, రెండు, అని కొట్టాను.
నిల్వ ఒకటి, అంది తెర.
నా చేతుల్లో రెండున్నాయి.
తెర తప్పు చెప్పడం లేదు.
ఒకటి పదిహేడో అరలో పెట్టి
రెండోది వానకోటు కింద దాచుకుని
హానుస్ ఇంటి ఎత్తు ఎక్కాను.
బరువుగానే ఉంది,
ఏ లెక్కలోనూ లేకపోయినా.