ఎనిమిదో నంబరు

కొర్లగుంట మలుపులో నా నెట్ సెంటర్ మూసేసి తొమ్మిదేళ్ళు.
ఇప్పుడక్కడ జిరాక్సు, లామినేషను, దర్శనం టికెట్ల ప్రింటు.
అటక మీద గోనెసంచిలో
పద్నాలుగు వెబ్‌క్యాములు
తమ తోకలు తామే చుట్టుకుని పడుకున్నాయి.

పాత సామాన్ల దస్తగిరి సంచిని చేత్తో ఎత్తి చూసి
"ప్లాస్టిక్కు కిలో పన్నెండు, రాగి తీగ వేరే" అన్నాడు.
కళ్ళు కదబ్బా అవి, అంటే
"చూపుకి తూకం లేదు సామీ" అన్నాడు.

ఆ సాయంత్రం చెంగల్రాయులు వచ్చాడు,
సెట్టిపల్లి క్యారేజి షాపులో ముప్పై ఏళ్ళు
లేతు మీద ఇనుము చెక్కిన మనిషి.
సంచి బోర్లించి, ఒక్కోదాన్నీ తిప్పి,
కాస్త కొత్తగా మెరిసేవన్నీ పక్కకు నెట్టేశాడు.
గుండు తలకాయది, తెలుపు పోయి పసుపుకి తిరిగింది
ఒకటే ఒకటి అరచేతిలో పెట్టుకుని
"దీన్లో సీసీడీ ఉండాది" అన్నాడు,
పనసకాయ తట్టి లోపల పండిందని చెప్పినట్టు.
ఆరొందలిస్తానన్నాడు.
కొన్నప్పుడే పన్నెండొందలు!
బంగారం కాకుండా పాతదొకటి సగం ధర పలకడం
నేను చూడ్డం అదే.

దేనికన్నా, అన్నాను.
"శనిని చూడ్డానికి."

మా వీధిలో శనిని ఎవరూ వెతుక్కుంటూ పోరు.
వద్దన్నా వస్తాడని నల్ల నువ్వులు, నూనె దీపం.
రాహుకేతువులకైతే కాళహస్తి బస్సు.
సెంటర్ నష్టాల్లో పడ్డప్పుడు మా నాంచారమ్మ
ఏలినాటి శని, ఏడున్నరేళ్ళు ఓర్చుకో, అంది.
వచ్చింది శని కాదు,
జేబులో పట్టే ఫోను.

ఘాట్ రోడ్డు దీపాలు వెనక వదిలి
చంద్రగిరి దాటినాక ఆయన మామిడితోట.
బోరు పైపుతో చేసిన టెలిస్కోపు
రాతి బండ మీద మెడ ఎత్తుకుని ఉంది.
వెబ్‌క్యాము ముందరి బుల్లి అద్దాన్ని మర తిప్పి తీసేశాడు.
ఫోటో రీలు వచ్చే నల్ల డబ్బీ, అడుగు కోసి, అంటించాడు.
పైపు మూతిలో అది
కొలత తీసి కుట్టినట్టు కూర్చుంది.
రీళ్ళు పోయాయి, నెట్ సెంటర్లు పోయాయి,
పోయినవి రెండూ ఇక్కడ కలిశాయి.

ల్యాప్‌టాప్‌లో మొదట ఏమీ లేదు.
తర్వాత, నీళ్ళ అడుగున పడిపోయిన చెవిపోగులా,
వణుకుతూ, సాగుతూ, చెదిరి మళ్ళీ కుదురుతూ
ఉంగరంతో సహా.

"కదలొద్దు, కదలొద్దు" అంటున్నాడు చెంగల్రాయులు
ఎవర్నో తెలీదు, గాలినో, గ్రహాన్నో.

ఆ మాట నేను విన్నదే.
ప్రతి శుక్రవారం, ఎనిమిదో క్యాబిన్, అరగంటకి పదిహేను.
రెడ్డెమ్మ బిడ్డను కెమెరాకి ఎత్తి పట్టుకుని
"కదలొద్దురా, నాయన చూస్తా ఉండాడు" అనేది.
తెర మీద కువైట్ మొగుడు
గళ్ళుగళ్ళుగా విరిగి, నోరు కదిలి, మాట రాక,
మళ్ళీ కుదిరేవాడు.
బిడ్డ అద్దాన్ని నాకేది.
నేను చొక్కా అంచుతో తుడిచేవాణ్ణి.

రెండు నిమిషాల వీడియో, పద్దెనిమిది వందల బొమ్మలు.
చెంగల్రాయులు కూర్చుని
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వణికినవన్నీ ఏరేశాడు.
మిగిలిన రెండొందలూ ఒకదానిమీదొకటి పేరిస్తే
ఉంగరానికీ ఉంగరానికీ మధ్య
వెంట్రుకంత నల్ల సందు.

రెడ్డెమ్మ శుక్రవారాలు కూడా ఇట్లా
వణుకు తీసేసి పేర్చి ఉంటే...
లేదు. ఎవరి మొహమూ నేను దాచలేదు.
దాచేవాణ్ణయితే ఆ బిడ్డను తెచ్చేదా ఆమె?

తీసేటప్పుడు టార్చి వెలుగులో కనిపించింది,
వెబ్‌క్యాము వెనక నా చేత్తో అంటించిన చీటీ.
ఎనిమిది.

ఆరొందలూ తీసుకున్నాను.
కరెంటు బిల్లు ఐదొందల ఎనభై.
మిగిలిన పదమూడూ మర్నాడు దస్తగిరి తక్కెడలో
కిలోన్నర తూగాయి, తీగ కాకుండా
పద్దెనిమిది రూపాయలు.

రాత్రంతా యాడికి పోయినావు, అంది నాంచారమ్మ.
నువ్వు చెప్పేవే, ఆయన్ను చూసొచ్చాను, అన్నాను.
గబుక్కున చెంపలేసుకుని
చూపు పడిందా నీ మీద, అంది.

లేదు.
చాలాసేపు నిలబడ్డాను.
మనవైపు చూడనే లేదు.