ఎడమ చెవి వాటా

బల్లరాట్‌లో జులై చలి.
గరాజ్‌లో ఇస్త్రీ బల్ల మీద
పద్దెనిమిది కిలోల టేప్ మిషన్, మూత విప్పి.
డెబ్బై డాలర్లకి ఇచ్చింది మెర్ల్ ట్రెంబాత్,
పదకొండు రీళ్ళు ఊరికే ఇచ్చింది.
"తిరుగుతుంది. పాడుతుందో లేదో నాకు తెలీదు."

పాడింది.
కాకపోతే పాటంతా ఎడమకి ఒరిగి పాడింది,
ఒక పక్కే బస్తాలెక్కించిన బండిలా.
రెండు చిన్న అద్దాల వెనక రెండు ముళ్ళు:
ఎడమది ఎర్రగీత దాటి తల కొట్టుకుంటుంటే
కుడిది సగంలోనే కునుకుతోంది.

ధాన్యం గోదాముల్లో త్రాసులచేత నిజం చెప్పించడం
నా ఉద్యోగం.
ఇరవై కిలోల రాయి పెట్టి, ముల్లు తప్పు చూపిస్తే
రైతు ముందైనా వ్యాపారి ముందైనా
ఒకేలా తల అడ్డంగా ఊపుతాను.
ఒరిగినదాన్ని చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

ముందు వైర్లు మార్చాను, ఎడమది కుడికి, కుడిది ఎడమకి.
బరువు కూడా కుడి స్పీకర్‌కి మారింది.
సరే, స్పీకర్లది తప్పు కాదు.
దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి హెడ్ తుడిచాను.
తుప్పురంగు మసి బోలెడు వచ్చింది, తేడా రాలేదు.
వాల్యూమ్ నాబ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి
యాభైసార్లు తిప్పితే
గరగర పోయింది, ఒరుగు పోలేదు.
భూతద్దం పెట్టి కెపాసిటర్లు ఎక్కడ పొంగాయా అని,
పగుళ్ళిచ్చిన చోటల్లా మళ్ళీ టంకం పోసి, వేళ్ళు కాల్చుకుని...
ఆరు డెసిబెల్స్.
వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

మూడో రాత్రి కనిపించాయి
బోర్డు మూల, కందిగింజంత స్క్రూలు రెండు.
ఒకటి నడిమధ్యన ఉంది, దుమ్ము కప్పుకుని.
రెండోది ఆ చివరికంటా తిప్పి ఉంది.
దాని నెత్తిన ఒక చుక్క.
ముదురెరుపు. ఇప్పటికీ నిగనిగ.
ఫ్యాక్టరీ లక్క ఈ రంగులో ఉండదు,
ఇది గోళ్ళరంగు.

అరుగుదల కాదన్నమాట.
ఎవరో కావాలనే తిప్పి, మళ్ళీ కదలకుండా సీలు వేశారు.
త్రాసుకి ఇదే పని చేసినవాణ్ణి మేం కోర్టుకి లాగుతాం.

ఫోన్ చేశాను.
మెర్ల్ కాసేపు మాట్లాడలేదు.
వెనక ఎక్కడో కెటిల్ కూతపెట్టి ఆగింది.
"ఆ రంగు నాదే. మా చెల్లి పెళ్ళికి కొన్నాను.
సీసా కనపడక ఇల్లంతా వెతికాను ఆ రోజు.
క్లైవ్‌కి ఎడమ చెవి పోయింది, రైల్వే వర్క్‌షాపులో,
రివెట్లు కొట్టే షెడ్డులో.
ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదు,
బ్యాండులో వాళ్ళకి కూడా.
అందుకే కారెప్పుడూ నేనే నడిపేదాన్ని.
తను ఎడమ సీట్లో కూచుంటే
మంచి చెవి నా వైపుంటుంది కదా."

గరాజ్‌కి తిరిగొచ్చాను.
ఈ మిషన్‌కి ఏ జబ్బూ లేదు.
ఒకే ఒక్క తలకి కొలత తీసి కుట్టిన టోపీ ఇది.
ఆయనకి అన్నీ నడిమధ్యనే వినిపించి ఉంటాయి.

చుక్క పక్కన బోర్డు మీద
పెన్సిల్‌తో సన్నగీత గీశాను.
అసిటోన్‌లో దూదిపుల్ల ముంచి
పైకెత్తి పట్టుకున్నాను.
పట్టుకునే ఉన్నాను.
ఆరిపోయింది.

పొడిదూది ఉండచుట్టి ఎడమ చెవిలో దోపుకుని
ఏడో రీలు ఎక్కించాను.
ఎవరో దగ్గారు. ఎవరో కాగితాలు సర్దుకున్నారు.
ఎడమ గోడకి ఆనుకుని ఉన్న యుఫోనియం
జరిగి, జరిగి,
నా ముక్కుకి సూటిగా వచ్చి నిలబడింది.

ముళ్ళు మాత్రం ఒప్పుకోలేదు,
వాటి లెక్క వాటిదే.
పొద్దున్నే హార్షమ్‌లో నాలుగు త్రాసులు చూడాలి.
దూది తియ్యడం మర్చిపోయి
అలాగే పడుకున్నాను.