పట్టా వెనకవైపు

ముందువైపు ఏముంది.
బీయెస్సీ, లెక్కలు, సెకండ్ క్లాసు,
కోడి గెలికినట్టున్న రిజిస్ట్రారు సంతకం.
తిప్పి చూడండి.
నా చదువంతా ఇప్పుడు వెనకవైపే ఉంది.

ఊదా ముద్ర విజయవాడది. ఎర్రది ఢిల్లీది.
ఆ పక్కన స్టిక్కరు ఎంబసీది,
గోటితో గీస్తే వెండిపొడి రాలుతుంది, గీయకండి.
ఒక్కోదానికి ఒక్కో రేటు.
ఇంకా రెండు ముద్రలకు చోటుంది,
చూసి పెట్టుకున్నా, కుడివైపు కింద.

అబ్బాసియా టైపింగ్ సెంటర్లో బీరాన్ కుట్టి
అరబ్బీ తర్జుమాకు పేజీకి మూడు దినార్లన్నాడు.
మార్కుల కాగితాలు ఆరు.
"తప్పి మళ్ళీ రాసినవి కూడానా?" అన్నా.
"అవీ పేజీలే కదా సిస్టర్" అన్నాడు.

తర్వాత పేరు.
పట్టాలో షాహీన్. పాసుపోర్టులో షాహీనా.
చివర ఒక దీర్ఘం ఎక్కువ.
ఆ దీర్ఘం తీసినందుకు అఫిడవిట్టు, దానికో ముద్ర,
ఆ ముద్ర నిజమేనని ఇంకో ముద్ర.
గుణింతం దిద్దించిన జయప్రదమ్మ టీచరు
దీర్ఘానికి ఇంత ఖరీదని చెప్పలేదు.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ,
నాలుగో నంబరు స్కూలు బస్సులో ఆయాను.
తెల్లారి అయిదుంపావుకు మొదటి పిల్ల ఎక్కుతుంది,
నిద్రలోనే చెయ్యిస్తుంది.
సీటుబెల్టులు, వాంతి కవర్లు, మరిచిపోయిన నీళ్ళ సీసాలు.
దిగేటప్పుడు తలలు లెక్కపెట్టాలి, ముప్పై ఎనిమిది.
లెక్కల డిగ్రీకి అంతే పని.

కానీ ఆరో రింగు రోడ్డు మీద బండ్లు ఆగిపోయినప్పుడు
నివేద్య భిన్నాల పుస్తకం తీస్తుంది.
డిసెంబరు కదా, కిటికీ అద్దం నిండా ఆవిరి.
వేలితో గీత గీసి పైన మూడు, కింద నాలుగు రాస్తా.
"ఖుబూస్ నాలుగు ముక్కలు చెయ్, మూడు నువ్వు తిను."
"మిగిలింది ఆంటీకి" అంటాడు వెనక సీట్లోంచి ఆర్యమాన్.
డ్రైవరు గుల్ జమాన్ అద్దంలో చూసి
"టీచర్ సాహిబా" అంటాడు.
వెక్కిరింతో మర్యాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బీఎడ్ ఉంటే తీసుకుంటామంది ప్రిన్సిపాల్ మేడమ్.
దూరవిద్యలో చేద్దామని ఫోను చేస్తే
ముందు రెండేళ్ళు టీచరుగా చేసిన కాగితం కావాలట.
మా రాయచోటిలో అంటారు,
పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు,
పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.
నవ్వొచ్చింది. ఫోనులో ఆయనా నవ్వాడు, మంచివాడే.
"రెగ్యులర్ అయితే రెండేళ్ళు ఇక్కడుండి చదవాలమ్మా" అన్నాడు.

రెండేళ్ళు.
తొంభై దినార్ల జీతం ఇంటూ ఇరవైనాలుగు,
రెండువేల నూట అరవై.
అది ఫీజు కాదు, ఏ రసీదులోనూ ఉండదు.
అన్నిటికన్నా పెద్ద అంకె మాత్రం అదే.

హాజరు షీటు వెనక వేసుకున్నా మిగతాది:
ఫీజు, హాస్టలు, టికెట్టు, తిరిగొస్తే మళ్ళీ వీసా.
ఇక్కడ దినారుకు వెయ్యి ఫిల్సులు,
చుక్క తర్వాత మూడంకెలు.
ఆ మూడింట్లోనూ వెతికా, ఏమైనా మిగులుతుందేమోనని.

గదిలో నాతో ఉండే సుబ్బనరసమ్మక్క
చదువు ఏడుతో ఆపింది, దర్జీ కొట్లో గుండీలు కుడుతుంది.
చేతులు తుడుచుకుని పట్టా అడిగి తీసుకుంది.
ముందువైపు చూడనే లేదు.
ముద్రలు ఒక్కొక్కటీ వేలితో తడిమి
"ఇన్ని గుండీలు కుట్టించుకుంటివే,
కాజాలేవీ?" అంది.

రాత్రి దరఖాస్తు నింపా.
"బోధనానుభవం ఎన్నేళ్ళు" అన్న గడి వదిలేశా.
పంపలేదు. చింపలేదు.

అయిదుంపావు.
అద్దం మీద నిన్నటి గీత ఇంకా ఉంది,
కింది అంకె కారిపోయింది.
నివేద్య ఎక్కుతూనే అడిగింది,
"ఆంటీ, కింద సున్నా ఉంటే?"
"ఉండకూడదు" అన్నా.
"ఎందుకు?"

బస్సు కదిలింది.
చెప్పడానికి ఆరో రింగు రోడ్డు దాకా టైముంది.