టైరు కింద రాయి

తుఫాను ఇంకా సముద్రంలోనే ఉంది,
వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద మాత్రం
అప్పుడే చోటు కోసం తోపులాట.
మా విజయనగర్‌లో నీళ్లొస్తే ముందు మునిగేది సెల్లారు.
సెల్లారులో ముందు మునిగేది
స్తంభం వెనక మూలనున్న నా శాంట్రో.

ఆ మూల నేను కోరుకున్నది కాదు.
సెక్రటరీ సౌందరరాజన్ గారు
ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి మరీ
అరవం కలిసిన తెలుగులో చెప్పారు:
"గేటు తీస్తే ముందు కనబడేది అదే కదమ్మా,
ఫ్లాట్ల రేటు కూడా చూసుకోవాలి."
పదిహేనేళ్ల బండి.
బానెట్ మీద రంగు మసిగుడ్డలా వెలిసింది.
హ్యాండ్‌బ్రేకు మాట వినదు,
ఎత్తు మీద ఆపితే వెనక టైరుకి రాయి పెట్టాలి.
సరేనన్నాను.
కాఫీ బాగుంది.

నేనేమీ గొప్పదాన్ని కాదులెండి.
అన్నానగర్‌లో పెళ్లికెళ్లిన రోజు
రెండు వీధుల అవతల బండి ఆపి
కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచాను,
ఆటోలో వచ్చానని అబద్ధమాడాను.
ఆటో అంటే ఎవరూ ఏమీ అనుకోరు,
శాంట్రో అంటే లెక్క తేలిపోతుంది.

గేటు దగ్గర ఏళుమలై సెల్యూట్ ఒక తక్కెడ.
సెక్రటరీ గారి తెల్ల ఎలక్ట్రిక్ బండికి
లేచి, మడమలు కలిపి.
మిగతా వాటికి చెయ్యి నుదుటి దాకా.
నాకు కుర్చీలోంచే ఒక తలూపు.

ఆ సాయంత్రం, సంపు పక్కనున్న తన గదిలోంచి
గ్యాస్ స్టౌ, ఒక రేకుపెట్టె,
కూతురి ఎనిమిదో క్లాసు పుస్తకాలు మోసుకొచ్చి
తిన్నగా నా డిక్కీ దగ్గర ఆగాడు.
తెల్లబండి డిక్కీలో ఇంకా చోటుంది,
దాని సీట్లకి షోరూం ప్లాస్టిక్ కూడా ఇంకా తియ్యలేదు.
అటు చూడనైనా చూడలేదు.

ఫ్లైఓవర్ మీద నా ముందు ఒక నానో.
దాన్ని చూసి రవ్వంత ఊరట కలిగింది,
దాచడమెందుకు.
నా వెనక, వరసలో ఇంకెక్కడా చోటు దొరక్క,
సౌందరరాజన్ గారు.

మన భాషలో మేడకీ హోదాకీ మాట ఒక్కటే, అంతస్తు.
ఆ రాత్రి కింది అంతస్తులన్నీ నీళ్లకి వదిలేసి
బళ్లన్నీ ఒకే అంతస్తు మీద తడుస్తున్నాయి.

నిద్ర పట్టలేదు.
మోకాలి లోతులో ఈడ్చుకుంటూ వెళ్లి చూద్దును కదా,
నా బండి కింద టార్చి వెలుగు.
దొంగేమో అనుకున్నాను.
పంచె ఎగగట్టి, తిరగబడిన గొడుగు పక్కన పడేసి
మోకాళ్ల మీద సెక్రటరీ గారు,
నా టైరు కిందకి ఇంకో రాయి తోస్తున్నారు.

గొంతులో ఏదో అడ్డుపడింది.
ఇంత వానలో, నా డొక్కు బండి కోసం!

"రాయి ఒక్కటే పెట్టావేమ్మా," అన్నాడాయన లేవకుండానే,
"జారిందంటే నా బంపరు."
కాసేపాగి
వానకి చెబుతున్నట్టు,
"యాభై రెండు కిస్తీలున్నాయి ఇంకా."

ఏమనాలో తెలియలేదు.
టార్చి అందుకుని పట్టుకున్నాను.
ఆయన రాయిని కాలితో తన్ని చూశాడు, కదల్లేదు.
మళ్లీ తన్నాడు.
ఇన్నాళ్లూ ఆ బండిని ఆయన నడుపుతున్నాడనుకున్నాను.

మూడో రోజు నీళ్లు తీశాక
అందరం దిగాం, ఎవరి చోటికి వాళ్లం.
నా మూల స్తంభం మీద నడుమెత్తున బురద గీత.
కిస్తీల మాట నేనెత్తలేదు,
ఆయన నా కళ్లలోకి చూడలేదు.
రెండో రాయి నా డిక్కీలోనే ఉండిపోయింది,
తిరిగిచ్చేద్దామంటే ఏమని ఇవ్వను?

పొద్దున గేటు దగ్గర
తెల్లబండి వెళ్తుంటే ఏళుమలై లేచాడు,
మడమలు కలిపాడు.
వెనకే నేను.
నన్ను చూసి లేవలేదు.
కుర్చీలోంచే కాస్త ముందుకు వంగి,
"స్టౌ బాగానే వెలిగిందక్కా," అన్నాడు.